సుద్ద గీత ఉన్నది మనది

మొన్న మా ఊళ్ళో ఒక సభ జరిగింది. భారీ పరిశ్రమల్లో పనికిరాకుండా పోయినవాటిని మళ్ళీ వాడుకోవడం ఎలా అన్నది విషయం. రిటైరైన రైల్వే ఉద్యోగులను ప్రత్యేకంగా పిలిచారు. మమ్మల్ని చూశాకే వాళ్ళకు ఆ విషయం తట్టిందేమో, నేను అడగలేదు. భోజనం ఉందన్నారు, వెళ్ళాను.

వేదిక మీద ఒక కుర్ర ఇంజనీరు తెర మీద పెద్ద గుండ్రం చూపించాడు. గుండ్రం చుట్టూ బాణాలు. గని నుంచి కొలిమికి, కొలిమి నుంచి యంత్రానికి, యంత్రం అరిగితే చెత్తకుప్పకు కాకుండా మళ్ళీ కొలిమికే. ఇలా తిప్పుకుంటే బొగ్గు తక్కువ కాలుతుందట, కొండలు మిగులుతాయట, కాలవలు శుభ్రంగా ఉంటాయట, ఫ్యాక్టరీకి ఖర్చు తగ్గి పదిమందికి పని దొరుకుతుందట. అన్నీ నిజాలే. చివర్లో మాత్రం, ఈ ఆలోచన ఈమధ్యే విదేశాల నుంచి మనకు వచ్చింది అన్నాడు.

నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందులో మా పాత మేస్త్రి కూర్చుని ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. "గుండ్రం బాగానే గీసినాడు అల్లుడూ. సేతికి సుద్ద అంటుకోనేదు. అదొకటే అనుమానం."

ఆయన పోయి ఆరేళ్ళయింది. సభలో భోజనం బాగుంది. కానీ ఇంటికొచ్చేదాకా ఆయనే పక్కన నడుస్తున్నట్టు ఉంది, తన అలవాటు ప్రకారం నాకంటే రెండడుగులు వెనక, దారిలో కనిపించిన ప్రతి ఇనప ముక్కనీ చెప్పుతో తిరగేసి చూసుకుంటూ.

ఎనభైల మొదట్లో నేను బీయస్సీ కెమిస్ట్రీ పాసై ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా స్టోర్సులో గుమాస్తాగా చేరాను. రసాయన శాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి తుక్కు యార్డులో జాబితాలు రాసే పని ఇచ్చారు. అదే కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన మా నాన్న, చదువుకున్నావు గనక నీ చేతులు నల్లబడవురా అని సంతోషించాడు. నిజంగానే చేతులు నల్లబడలేదు. చొక్కాలు నల్లబడ్డాయి.

యార్డంటే అరిగిన చక్రాలు, విరిగిన స్ప్రింగులు, బాయిలరు గొట్టాలు, బ్రేకు దిమ్మలు. రైలుబండిని విడగొట్టి కుప్పలు పోస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. దాని మూల రేకుల షెడ్డు ఒకటి. దానికి రిక్లెయిమ్ షెడ్డని పేరు, పాతవాటిని మళ్ళీ పనికి తెచ్చే చోటు. అందులో పదకొండు మంది. వాళ్ళకు ఆయన మేస్త్రి. బెంగాలీలు మిస్త్రీదా అనేవారు. నాకు మావయ్య. చుట్టరికం ఏమీ లేదు. మాది విజయనగరం వైపు నుంచి వచ్చిన హిందూ కుటుంబం, వాళ్ళది బొబ్బిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. రెండు కుటుంబాలూ తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎదురెదురు రైల్వే క్వార్టర్ల లైన్లలో కాపురం పెట్టాయి. ఆ మాత్రం దూరానికి ఖరగ్‌పూర్‌లో మావయ్య అనకపోతే తప్పు.

మొదటి రోజు నా చేతిలో ఒక ముక్క పెట్టి అడిగాడు.

"ఇదేటి?"

ఇనుము అన్నాను. కెమిస్ట్రీ గుర్తుతో సహా చెప్పాను.

"మనిషిని సూపించి ఎవులంటే, మనిషి అన్నట్టున్నాది నీ జవాబు. ఏ ఊరు, ఎవుల తాలూకా, అది సెప్పాలి."

అని ఆ ముక్కను తీసుకెళ్ళి సాన చక్రానికి ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. ఆయనకు ఆ రవ్వలే జాతకం. పొడుగ్గా, సన్నగా, వాన గీతల్లా పడితే మెత్తని ఉక్కు. చక్రం దగ్గరే పూలపూలుగా విచ్చుకుంటే స్ప్రింగు ఉక్కు, దానికి ఆయన పెట్టుకున్న పేరు కాకరపువ్వొత్తి. ఎర్రగా, పొట్టిగా, దిగాలుగా రాలితే పోత ఇనుము, అది నాగుల చవితి నాటి తడిసిన మతాబు. ఇత్తడి అసలు రవ్వే వెయ్యదు. "మాట్టాడదు. మంచి కుటుంబం," అనేవాడు. ఆదివారం మానకుండా చర్చికి వెళ్ళే మనిషి, వారంలో మిగతా ఆరు రోజులూ దీపావళి చేసుకునేవాడు. ఈ విషయం పాస్టరు గారికి తెలుసు. ఆయన కూడా ఒకసారి వచ్చి చూసి, ఇంకొక్క కాకరపువ్వొత్తి వెయ్యమన్నాడని చెప్పుకునేవారు.

జాతకం చూశాక సుద్దముక్క తీసేవాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాళ్ళను చూశాం, ఈయన చెవి మీద సుద్దముక్క ఉండేది. అందుచేత కుడి చెవి ఎప్పుడూ తెల్లగా, వేరే మనిషిది అరువు తెచ్చుకున్నట్టు కనిపించేది. గుండ్రం గీస్తే ఆ వస్తువు బాగు చేసి అలాగే వాడొచ్చని. సగం గుండ్రం గీస్తే కోసి దానికంటే చిన్న వస్తువు చెయ్యొచ్చని. అడ్డగీత అయితే కొలిమికి, మళ్ళీ పోతకి. ఈ మూడింటికీ అందనిది ఏమన్నా మిగిలితే దానికి ఏ గీతా ఉండదు, వేలానికి పోతుంది. "గీత ఉన్నది మనది, గీత నేనిది యేలానిది." యార్డు రాజ్యాంగం మొత్తం ఇదే. దీనికి సవరణలు ఉండవు.

ఆయన దగ్గర వేలానికి మిగిలేది చాలా తక్కువ. తుప్పు పొడి, పగిలిన పెంకులు, అంతే. వేలం పాటకు వచ్చిన వ్యాపారులు ఆ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, టీ తాగి, దిగులుగా వెళ్ళిపోయేవారు.

పెయింటుతో గుర్తు పెడితే చెరగదు కదా మావయ్యా అని ఒకసారి సలహా ఇచ్చాను. చదువుకున్నవాళ్ళు సలహాలు ఇవ్వకపోతే చదువు వృథా.

"సెరగాలనే సుద్ద," అన్నాడు. "నిన్న కొలిమికన్నదాన్ని ఇవాళ సూస్తే బాగుపడేలాగ కనిపిస్తాది. మనకి ఆలోసన మారదేటి?"

పెయింటు ఖర్చన్న మాట చెప్పలేదు. ముందు చెప్పే కారణం ఎప్పుడూ వస్తువు తరఫునే ఉండేది.

ఇంకో అలవాటు, సుత్తితో తట్టి వినడం. పగులు ఉంటే మోత చచ్చిపోతుంది, లేకపోతే గంటలా మోగుతుంది. ఇది చక్రాల వరకూ సరే. నా పెళ్ళిలో కానుకగా వచ్చిన బిందెల్ని కూడా వేలి మెటికతో వరసగా తట్టుకుంటూ వెళ్ళాడు. ఒక బిందె దగ్గర ఆగి, మళ్ళీ తట్టి, నావైపు జాలిగా చూశాడు. అది మా హెడ్ క్లర్కు ఇచ్చింది. నెల తిరగకుండా కారింది.

ఇలాంటి మనిషి ఇల్లు ఎంత ముచ్చటగా ఉంటుందో అనుకుంటాం. ఉండదు. కార్ఖానా నుంచి మేకు కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు, అది నిజాయితీ. ఇంట్లో ఒక్క మేకు కొట్టేవాడు కూడా కాదు, అది ఇంకోటి. కుళాయి కారేది. తలుపు గడియ జారేది. చెయ్యి విరిగిన చెక్క కుర్చీ ఒకటి వరండాలో గోడకు ఆనించి ఉండేది. అత్త చూపించేది.

"సూసినావా నాయనా. దాన్ని బాగు సెయ్యండని అడిగినాను. జేబులోంచి సుద్ద తీసి గుండ్రం గీసినారు. బాగుపడతాదట. పదకొండేళ్ళయినాది."

ఆయన పేపరు వెనకనుంచి జవాబిచ్చేవాడు. "పడతాది. నాను అబద్ధం ఆడినానేటి?"

ఆయన పోయిన వారానికి పలకరించడానికి వెళితే ఆ కుర్చీ అక్కడే ఉంది, మీద గుండ్రంతో సహా. మా అబ్బాయి చేత నాలుగు మేకులు తెప్పించి నేనే బిగించాను. అరగంట పని. అత్త పక్కనే నిలబడి చూసింది. "కుర్చీ సంగతి నీ ఇష్టం. గుండ్రం మాత్రం సెరపకు," అంది.

బాతుల సంగతి కూడా చెప్పాలి. లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

కార్ఖానా గోడకు అవతల ఒక నాలా ఉంది. అందులో బాతులు. అవి ఒక బెంగాలీ దీదీవి. బాతులంటే తెల్లగా ఉంటాయని పుస్తకాల్లో చదివినవాణ్ణి, వాటిని చూసి ఇదేదో నల్లజాతి అనుకున్నాను. అది మా నూనె. అరిగిన బేరింగుల్లోంచి తీసిన పాత నూనె కాలవలోకి వెళ్ళేది. ఎవరూ పొయ్యమని చెప్పలేదు, ఎవరూ పొయ్యొద్దని చెప్పలేదు. దీదీ ఒకరోజు ఒక బాతును చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, దీనికి స్నానం మీరే చేయించండి అని నిలబడింది. గేటువాడు ఏం చెయ్యాలో తెలియక మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి బాతును చేత్తో తడిమి, ఆ చెయ్యి వాసన చూసుకుని, "నూనె ఇంకా బాగుందే," అన్నాడు.

మర్నాటినుంచి పాత నూనె పీపాల్లోకి పట్టించాడు. కదపకుండా రోజుల తరబడి తేరనిచ్చి, పై నూనెను రంపపు పొట్టులోంచి వడగట్టి, తిరిగే చోట కాక ఒరిసే చోట వాడించాడు. అడుగున మిగిలిన మడ్డి కొలిమి రాజెయ్యడానికి. నాలాలోకి ఏమీ వెళ్ళలేదు. ఆ వానాకాలం దాటేసరికి బాతులు తెల్లబడ్డాయి. దీదీ పండక్కి గుడ్లు పంపింది. ఆ పనికి ఆయనకు అందిన ప్రశంసాపత్రాలు మొత్తం కలిపి ఆ గుడ్లే.

కొంతకాలానికి కొత్త సాహెబు వచ్చాడు. బెంగాలీ ఆయన. మంచివాడు. కుప్పలంటే పడదు. యార్డు చూడగానే ఆయన ముఖం మా అత్త కుర్చీని చూసే ముఖంలా అయింది. తుక్కంతా వేలం వేసి స్థలం శుభ్రం చెయ్యండి, బేరింగులు కొత్తవి కొనుక్కుందాం, కంపెనీలు ఇంటికి తెచ్చి ఇస్తున్నాయి కదా అన్నాడు. మూడు నెలల్లో షెడ్డు మూసెయ్యాలి. పదకొండు మందినీ కార్ఖానాలోనే తలో విభాగానికీ సర్దుతారు. మేస్త్రిని రెండు రోజుల ప్రయాణం దూరంలో ఎక్కడో ఒక డిపోకు వేస్తారు. ఆయనకు అప్పటికి యాభై దాటింది.

ఆర్డరు కాపీ నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. మేస్త్రి అది చదివి, వెనక్కి తిప్పి, వెనక ఖాళీగా ఉందని చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒకవైపే వాడిన కాగితం.

ఆ రోజుల్లో వ్యాగన్ల ఇరుసు కొసల మీద ఇత్తడి బేరింగులు ఉండేవి. లోపలి వైపు వైట్ మెటల్ అనే మెత్తని లోహం పూత. తిరిగి తిరిగి పూత అరిగిపోతే మేస్త్రి దాన్ని కరిగించి తీసి, ఆ కరిగినదాన్నే శుభ్రం చేసి మళ్ళీ పోసేవాడు. ఇత్తడి అలాగే ఉంటుంది. అలా బాగు చేసిన ప్రతిసారీ వెనక మూలలో, ఆకురాయి దూరని గుంటలో, పంచ్‌తో ఒక చిన్న చుక్క కొట్టేవాడు. ఒక చుక్క ఉంటే ఒకసారి బాగుపడింది. మూడు చుక్కలుంటే మూడుసార్లు. ఈ చుక్కల సంగతి షెడ్డు వాళ్ళకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆయన ఆలోచన ఇది. అరిగిన బేరింగులు యార్డులో ఒక కుప్ప పోగు చేసి ఉంచాడు. ఈ మూడు నెలల్లో వాటన్నిటికీ పూత పోసి సాహెబు ముందు వరసగా పెడితే, కొత్తవి కొనే అవసరం ఏమిటో సాహెబే చెప్పాలి. నన్ను నోటు కూడా రాయమన్నాడు, దీనివల్ల లాభాలేమిటో. నేను రాత్రంతా కూర్చుని పదకొండు పేజీలు రాశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాగున్నాది. గానీ, కొండని ఒకపాలి తవ్వేసినాం, మళ్ళీ దాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు. ఇదొక్కటి రాస్తే సాలదేటి?"

సభలో ఆ ఇంజనీరు గంట మాట్లాడాడు. దాదాపు ఇదే చెప్పాడు.

ఆయన కుప్పలో ప్రతి బేరింగు మీదా గుండ్రం గీసి, చెల్లెలి కూతురి పెళ్ళికని నాలుగు రోజులు బొబ్బిలి వెళ్ళాడు. వెళ్ళిన రెండోరోజు సాయంత్రం కాలబైశాఖి వచ్చింది. ఈ గాలివాన బెంగాల్లో ఉన్నవాళ్ళకు తెలుసు. పది నిమిషాల్లో ఆకాశం ఊడి పడుతుంది, మరో పది నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. మూడు రేకులు లేచిపోయాయి. యార్డంతా కడిగిన పళ్ళెంలా అయింది.

మర్నాడు నేను వేలం జాబితా రాయాలి. జాబితా పట్టుకుని యార్డంతా తిరిగాను. మేస్త్రి లేడు, షెడ్డు వాళ్ళంతా ఎగిరిపోయిన రేకుల వెనక పడ్డారు. రాజ్యాంగం ఉంది. గీత ఉన్నది మనది, గీత లేనిది వేలానిది. ఏ బేరింగు మీదా గీత లేదు. వాన కడిగిందన్న ఆలోచన ఒక్క క్షణం రాలేదని అనను. కానీ ఆలోసన మారుతుందని ఆయనే కదా చెప్పాడు, నా పదకొండు పేజీలు విన్నాక మనసు మార్చుకుని చెరిపేసి వెళ్ళాడేమో అనుకున్నాను. బీయస్సీలో ఇంతకంటే బాగా ఆలోచించడం నేర్పలేదు. కుప్ప మొత్తం జాబితాలోకి ఎక్కించి, కింద సంతకం పెట్టాను. వ్యాపారులు ఆ రోజు టీ కూడా తాగకుండా పాడుకుని లారీలో వేసుకుపోయారు.

మేస్త్రి పెళ్ళి లడ్డూలతో వచ్చాడు. కుప్ప ఉన్న చోట కొత్త మట్టి కనిపించింది. నా దగ్గరికి వచ్చాడు. జాబితా ఇమ్మని, మొదటి పేజీ నుంచి చివర్లో నా సంతకం దాకా చదివాడు.

"రూలు పెకారమే రాసినావు," అన్నాడు. "నా రూలే."

తిడితే బాగుండేది. లడ్డూ ఇచ్చాడు. ఆ లడ్డూ ఎలా తిన్నానో నాకే తెలుసు. షెడ్డులో పదకొండు మందీ నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు, వాళ్ళ వాదన కుప్పను నేను లారీ ఎక్కించానని. అందులో ఒకాయన మాత్రం, సదువుకున్నోడు కదా, ఎప్పుడో ఒకప్పుడు పని సెయ్యాలి కదా అన్నాడు.

నెలన్నర గడిచింది. బాగు చేసేందుకు బేరింగులు లేవు, వ్యాగన్లు ఆగాయి, కొనక తప్పలేదు. ఒక ఉదయం కొత్త బేరింగులు వచ్చాయి. చెక్కపెట్టెలు, లోపల గడ్డి, పైన పసుపు కాగితం చుట్టలు. పెట్టెలు విప్పడానికి స్టోర్సులో మనుషులు చాలక షెడ్డు వాళ్ళను పిలిపించారు. మేస్త్రి కూడా వచ్చాడు. షెడ్డు మూతకు అప్పటికి మూడు వారాలుంది.

ఆయన ఒక బేరింగు కాగితం విప్పి చేతిలోకి తీసుకున్నాడు. తట్టాడు. విన్నాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత బొటనవేలు వెనక మూల గుంటలోకి పోనిచ్చి, చాలాసేపు అలాగే ఉంచాడు. కళ్ళు మూసుకుని జపం చేస్తున్నాడేమో అనుకున్నాను.

"అల్లుడూ," అన్నాడు. "ఇది మనూరోడే."

నా వేలు పట్టుకుని ఆ గుంటలో పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడు చుక్కలు.

తర్వాత ఇంకోటి విప్పాం. రెండు చుక్కలు. ఇంకోటి. ఒకటి. ఇక ఆయన ముఖం చూడాలి. స్టేషన్లో బంధువులను దింపుకుంటున్నవాడిలా ఒక్కోదాన్నీ గడ్డిలోంచి బయటికి తీసి, ఒళ్ళు తుడిచి, ఎలా ఉన్నావు, ఎక్కడెక్కడ తిరిగొచ్చినావు అని అడుగుతున్నాడు. వేలంలో కొన్నవాడు ఎవరో, మాకు సప్లై చేసినవాడు ఎవరో, మధ్యలో ఎంతమందో మాకు తెలియదు. తెలిసింది ఒకటే. నేను ముసలివని పంపినవి కొత్తవై తిరిగొచ్చాయి. మనుషులకు ఆ సౌకర్యం లేదు.

ఫిర్యాదు రాద్దామన్నాను, పన్నెండు పేజీలకు తక్కువ కాకుండా. వద్దన్నాడు. మూడు చుక్కల బేరింగును గుడ్డలో చుట్టుకుని సాహెబు గదికి నడిచాడు. వెనక నేను. జాబితా నాది గనక వెళ్ళక తప్పదు.

మేస్త్రి సాహెబు బల్ల మీది ఫైళ్ళు జరిపి బేరింగు పెట్టాడు.

"ఏటా కీ, మిస్త్రీ?" అన్నాడు సాహెబు. ఇదేమిటని.

మేస్త్రి చెప్పాడు, హిందీలో. ఆయన హిందీ కూడా బొబ్బిలి వైపుదే కాబట్టి తెలుగులో చెప్తే పోయేదేమీ లేదు. "ఇది నా సేతిలో మూడుసార్లు బాగుపడినాది సాబ్. మొన్న యేలానికి ఎల్లినాది, ఇవాళ కొత్తదై ఒచ్చినాది. బజారోడు దీన్ని కొలిమిలో ఎయ్యనేదు. తుడిసినాడు, పూత పోసినాడు, గడ్డిలో సుట్టినాడు. మేం సేసేదే ఆడు సేసినాడు. గుండ్రం ఆగనేదు సాబ్. గుండ్రంలోంచి మనం బయటికి ఒచ్చేసినాం, అంతే."

సాహెబు గుంటలో వేలు పెట్టి చూశాడు. చుక్కలు ఆయన వేలికి కూడా మూడే తగిలాయి. ఇవి వేలానికి ఎలా వెళ్ళాయన్నాడు. జాబితా నాదన్నాను, వానకి గీతలు చెరిగితే గమనించలేదన్నాను. వెంటనే మేస్త్రి, రూలు నాది సాబ్, ఆ అబ్బాయి రూలు పాటించినాడు, తప్పు రూలుది అన్నాడు. సాహెబు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తప్పు కోసం ఇద్దరు పోటీ పడటం ఇదే చూస్తున్నానన్నాడు. కోపమో నవ్వో తేల్చుకోలేకపోయాం.

ఇంకేమన్నా లాభం ఉందా మీ షెడ్డుతో అని అడిగాడు చివర్లో. నేను జేబులోంచి పదకొండు పేజీలు తీసేలోగా మేస్త్రి ఆయన్ని గోడ అవతలికి తీసుకెళ్ళిపోయాడు. నాలా మీద చిన్న వంతెన. కింద బాతులు. అవి నూనెలో మునిగిన రోజుల సంగతి గట్టు మీద నిలబడి దీదీ బెంగాలీలో చెప్పింది, మేస్త్రి చెప్పాల్సిన అవసరం లేకుండా, ఆపాల్సిన అవసరం వచ్చేదాకా. దీన్ని కాగితం మీద కొలిచి చూపించడం ఎలా అన్నాడు సాహెబు.

"తెల్లగా ఉన్నాయా నేదా సూడండి సాబ్. అంతే కొలత."

గదికి తిరిగొచ్చాక సాహెబు ఆ బేరింగును సాక్ష్యంగా తన బల్ల మీదే ఉంచుకుంటానన్నాడు, కాగితాలు ఎగరకుండా కూడా ఉంటుందని. మేస్త్రి అప్పటికే దాన్ని గుడ్డలో చుడుతున్నాడు.

"కాగితాలకి ఇటిక ముక్క సాలు సాబ్. దీనికి డ్యూటీ ఉన్నాది."

షెడ్డుకు తెచ్చి, బజారువాడి పలచని పూత కరిగించి, సరైన పూత పోసి, నాలుగో చుక్క కొట్టాడు. ఆ వారమే అది ఒక వ్యాగన్ కిందికి చేరి వాల్తేరు వైపు వెళ్ళిపోయింది. తర్వాత పై ఆఫీసు నుంచి ఎవరో సాక్ష్యం చూపించమని వస్తే, డ్యూటీ మీద లైన్లో ఉంది, వచ్చాక చూపిస్తామని చెప్పాం. సరుకు పంపినవాడికి ఘాటుగా ఉత్తరం వెళ్ళింది. దానికి జవాబుగా వాడు అడ్రసు మార్చాడు.

షెడ్డు మూసే ఆర్డరు రద్దు కాలేదు. తదుపరి ఆదేశాల వరకు నిలిపివేయడమైనది అని వచ్చింది. ఆఫీసు భాషలో ఇంతకంటే ప్రేమగా ఎవరూ ఎవరికీ ఏమీ రాయరు. తదుపరి ఆదేశాలు రాలేదు. పదకొండు మందీ అక్కడే ఉన్నారు. లారీ విషయంలో నన్ను క్షమించారో లేదో గానీ, టీ ఇచ్చేవారు.

యార్డులో మారింది ఒక్కటే. వాన వెలవగానే నేను సుద్దముక్క పట్టుకుని బయల్దేరేవాణ్ణి. మేస్త్రి షెడ్డు గుమ్మంలో నిలబడి, ఏది గుండ్రం, ఏది సగం గుండ్రం అని కేకవేసి చెప్పేవాడు. స్టోర్సు గుమాస్తా చెయ్యాల్సిన పనుల జాబితాలో అది లేదు. అడిగినవాడూ లేడు.

తొంభైల్లో ఆవిరి ఇంజన్లు పోయాయి. వ్యాగన్లకు రోలరు బేరింగులు వచ్చాయి. అవి ఓ పట్టాన అరగవు, వాటికి పూత అక్కర్లేదు. ఆయనకు కష్టంగా ఉంటుందని ఓదార్చడానికి వెళ్ళాను. ఆయన ఒక రోలరు బేరింగును చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతూ వింటున్నాడు.

"అరగనిదానికి మించి ఏటి కావాల? ఈటితో మనకి పని తప్పిపోనాది. మంచిదే కదా," అన్నాడు. పని తప్పినందుకు సంతోషించిన రైల్వే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తప్పించుకున్నందుకు సంతోషించినవాళ్ళు వేరు.

రెండేళ్ళకు ఆయన రిటైరయ్యాడు. దండ వేసి గోడ గడియారం ఇచ్చారు. దాన్ని వేలితో తట్టి చూసుకున్నాడు, బాగానే మోగినట్టుంది, సంచిలో పెట్టుకున్నాడు. షిఫ్టు అయ్యే భోంగా సైరను కూసే ముందు షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి అందులో కొలిమి చల్లారిపోయి ఏడాది. లోపలంతా ఒకసారి తిరిగాడు. స్తంభాలు తట్టాడు. రేకులు తట్టాడు. బయటికొచ్చి, చెవి మీది సుద్దముక్క తీసి, గుమ్మం పక్క ఇనప స్తంభం మీద గుండ్రం గీశాడు. ఆ ముక్క నా చేతిలో పెట్టి సైకిలెక్కాడు. నాకేమీ చెప్పలేదు. ఇంట్లో కుర్చీ గురించి కూడా అంతకంటే ఏమీ చెప్పలేదు కదా.

మరుసటి సంవత్సరం పాత కట్టడాలు కూల్చి వేలం వెయ్యమని ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను హెడ్ క్లర్కును. జాబితా రాయడం నా పనే. పట్టుకుని తిరిగాను. పాత బొగ్గు గోదాము, ఏ గీతా లేదు, రాశాను. నీళ్ళ తొట్టి, రాశాను. షెడ్డు దగ్గరికి వచ్చాను. స్తంభం మీద గుండ్రం ఉంది. రూలు ప్రకారం రాయలేదు.

రికార్డుల్లో ఒక షెడ్డు మిగిలిపోయింది, దాన్నేం చెయ్యాలని పై ఆఫీసు అడిగితే, సైకిలు స్టాండుగా వాడొచ్చని రాశాను. ఇవాళ్టికీ అందులో సైకిళ్ళే ఉన్నాయి, మోటారు సైకిళ్ళు కూడా. నా సర్వీసు అయ్యేదాకా నా సైకిలు ఆ స్తంభానికే ఆనించేవాణ్ణి. కాలబైశాఖి వచ్చిన ప్రతిసారీ గుండ్రం చెరిగిపోయేది. మర్నాడు పొద్దున జనం డ్యూటీకి వచ్చేసరికి మళ్ళీ ఉండేది. ఎవరు గీస్తున్నారో ఎవరికీ తెలియదు. నా కుడి చెవి మాత్రం కొంచెం తెల్లగా ఉంటుందని మా ఆవిడ అంటుంది.